పిల్లలతో వాలెన్సియా: నాలుగు రాత్రులు, తక్కువ ఖర్చు, ప్లాన్ వేసుకునే పద్ధతి

స్పెయిన్ అనగానే చాలామంది బార్సిలోనా, మాడ్రిడ్ వైపు చూస్తారు. పిల్లలు చిన్నవాళ్లై, ఖర్చు కూడా చూసుకోవాల్సి వస్తే వాలెన్సియా మేలు. ఊరంతా బల్లపరుపు నేల, కాబట్టి స్ట్రోలర్ తోయడం తేలిక. ఊరి మధ్యలో సుమారు తొమ్మిది కిలోమీటర్ల పార్కు ఉంది. సిటీ బస్సెక్కితే బీచ్. బార్సిలోనాలో లాగా తలకు, రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను కట్టక్కర్లేదు.

ఇక్కడి లెక్కలన్నీ ఇద్దరు పెద్దలు, 5, 9 ఏళ్ల ఇద్దరు పిల్లలు, నాలుగు రాత్రులు అనుకుని వేసినవి. ధరలు సుమారు. ఈ ఊళ్లో బడ్జెట్ తప్పేది ఎక్కువగా వేళల దగ్గరే. సాయంత్రం ఆరింటికి భోజనం కోసం వెతికినా, ఆదివారం పాల ప్యాకెట్ కోసం తిరిగినా రెట్టింపు వదులుతుంది. అందుకే కింద డబ్బు ఎంత అనేదాంతో పాటు ఎప్పుడు ఏం చేయాలనేదీ రాశాం.

## 1. ముందు తేదీలు

విమానం ధర చూసి తేదీలు ఖాయం చేయకండి. ముందు ఊళ్లో ఏం జరుగుతోందో చూడండి.

- మార్చి 15–19: ఫాయాస్ పండగ. రాత్రీ పగలూ టపాసులు, రోడ్లు మూసేస్తారు, గదుల ధరలు కొండెక్కుతాయి. చిన్నపిల్లలతో వద్దు.
- ఆగస్టు: ఎండ, ఉక్కపోత. ఊరివాళ్లే సెలవు మీద వెళ్లిపోతారు, చిన్న హోటళ్లు చాలా మూసి ఉంటాయి.
- అక్టోబరు 9, 12: మొదటిది వాలెన్సియా ప్రాంత దినోత్సవం, రెండోది జాతీయ సెలవు. దుకాణాలు మూత.
- మే, అక్టోబరు చివర, ఫిబ్రవరి: మంచి రోజులు. ఫిబ్రవరిలో బీచ్‌లో ఇసుకతో ఆడుకోవడమే తప్ప నీళ్లలో దిగలేరు, కానీ బస అన్నిటికన్నా చవక.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మే, అక్టోబరు హాఫ్ టర్మ్‌లు సరిపోతాయి. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవాళ్లకు వేసవి సెలవుల మొదటి సగం, అంటే మే నెల, బాగుంటుంది.

శరదృతువులో ఇక్కడ కుండపోత వానలు పడతాయి. 2024 అక్టోబరు 29న ఊరి దక్షిణపు శివార్లు వరదలో మునిగి పెద్ద ప్రాణనష్టం జరిగింది. ఫోన్‌కు పెద్ద శబ్దంతో హెచ్చరిక వచ్చినా, వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చినా ఆ రోజు బయటికి వెళ్లొద్దు. టికెట్టు డబ్బులు పోతే పోయాయి.

గురువారం దిగి సోమవారం బయల్దేరేలా చూసుకోండి. శనివారం మార్కెట్టు, ఆదివారం ఉచిత ప్రవేశాలు రెండూ కలిసొస్తాయి.

## 2. వీసా, కాగితాలు

భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా, కావాలి. బ్రిటన్, ఐర్లండ్, అమెరికా, గల్ఫ్ దేశాల్లో నివాస అనుమతి ఉన్నా తప్పదు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు అక్కర్లేదు, ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటు చేతిలో ఉంటే చాలు.

ఈ వరస తప్పొద్దు:

1. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బస బుక్ చేయండి.
2. మీరు చట్టబద్ధంగా ఉంటున్న దేశంలోనే వీసా అపాయింట్‌మెంట్ తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. సెలవుల ముందు స్లాట్లు దొరకవు కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.
3. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ నలుగురికీ తీసుకోండి.
4. వీసా చేతికొచ్చాకే డబ్బు వాపసు రాని విమాన టికెట్లు కొనండి.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. మన లెక్క కుటుంబానికి 225 యూరోలు, దానిపైన వీసా సెంటర్ సర్వీసు ఛార్జీ. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు.

తెలుగువాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. తల్లి ఇంటిపేరు ఒకటి, పిల్లలది మరొకటి ఉంటే బర్త్ సర్టిఫికెట్ కాపీలు చేతి సంచిలో పెట్టుకోండి. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం కూడా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, టికెట్టులో పేరు ఎలా రాయాలో ఎయిర్‌లైన్‌నే అడిగి ఆ తర్వాత కొనండి. ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. తర్వాత పేరు మార్చాలంటే కొన్నిచోట్ల టికెట్టు ధరంత అడుగుతారు.

కాగితాల చెక్‌లిస్ట్
- పాస్‌పోర్టు: తీసుకుని పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి
- బస బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్: ప్రింటు ఒకటి, ఫోన్‌లో ఒకటి
- బ్రిటన్‌లో ఉంటే ఉచితంగా ఇచ్చే జీహెచ్ఐసీ హెల్త్ కార్డు
- పిల్లల బర్త్ సర్టిఫికెట్లు

## 3. విమానం, లేదా మాడ్రిడ్ మీదుగా రైలు

బడ్జెట్ ఎయిర్‌లైన్ టికెట్టు ధర చూసి సంబరపడకండి. నలుగురికీ రానూపోనూ బ్యాగేజీ, సీట్ల ఖర్చు కలిపాక వచ్చే మొత్తాన్నే పోల్చండి. నాలుగు రాత్రులకు తలా ఒక చిన్న బ్యాక్‌ప్యాక్, అందరికీ కలిపి ఒకే ఒక చెక్-ఇన్ సూట్‌కేస్ సరిపోతాయి. స్ట్రోలర్‌కు సాధారణంగా డబ్బు తీసుకోరు.

యూరోపేతర పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సెక్యూరిటీకి వెళ్లే ముందు కౌంటర్ దగ్గర కాగితాలు చూపించాలని కొన్ని బడ్జెట్ ఎయిర్‌లైన్లు నియమం పెట్టుకున్నాయి. బోర్డింగ్ పాస్ ఫోన్‌లో ఉంది కదా అని నేరుగా గేటుకు వెళ్తే వెనక్కి పంపుతారు. చెక్-ఇన్ బ్యాగేజీ లేకపోయినా ముందు కౌంటర్‌కు వెళ్లండి.

భారత్ నుంచి వచ్చేవాళ్లకు మాడ్రిడ్‌లో దిగి హైస్పీడ్ రైలెక్కడం తరచూ చవక. ప్రయాణం దాదాపు రెండు గంటలు. నాలుగు రకాల రైళ్లు పోటీ పడి నడుస్తాయి: ఆవే, ఆవ్లో, ఊయిగో, ఇర్యో. కొన్ని వారాల ముందు కొంటే ధర బాగా తగ్గవచ్చు. మాడ్రిడ్‌లో అటోచా, చమార్తిన్ అని రెండు పెద్ద స్టేషన్లున్నాయి, రెండింటికీ మధ్య బాగా దూరం. టికెట్టు మీద ఏది రాసి ఉందో చూడకుండా బయల్దేరితే రైలు తప్పినట్టే. సామాను స్కాన్ చేసి లోపలికి పంపుతారు కాబట్టి అరగంట ముందు ఉండాలి. వాలెన్సియాలో దిగేది హోఆకిన్ సోరోయా స్టేషన్‌లో.

## 4. బస: ఏ పేట, ఏ ఇల్లు

నలుగురు పట్టే హోటల్ గది స్పెయిన్‌లో అంత సులభంగా దొరకదు. రెండు గదులు తీసుకుంటే బడ్జెట్ అక్కడే అయిపోతుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ లేదా అపార్ట్‌హోటల్ చూసుకోండి. సీజన్ కానప్పుడు రాత్రికి 100–120 యూరోల మధ్య పట్టవచ్చు.

- ఎక్స్‌ట్రామర్స్, అర్రాంకాపిన్స్: స్టేషన్‌కు దగ్గర, పాత ఊరికి నడక దూరం, ప్రశాంతం. మొదట ఇక్కడే వెతకండి.
- బెనిమక్లెట్: విద్యార్థుల పేట. తిండి చవక, మెట్రో, ట్రామ్ రెండూ ఉన్నాయి.
- ఎల్ కార్మెన్, రుస్సాఫా: ఫొటోల్లో బాగుంటాయి. శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి దాటినా వీధిలో సందడి తగ్గదు. పిల్లలు నిద్రపోరు.
- కబన్యాల్: బీచ్ పక్కనే. వేసవిలో అయితేనే.

అంతస్తుల లెక్క జాగ్రత్త. పాత భవనాల్లో కింది అంతస్తు తర్వాత ఎంత్రెసువెలో, ఆ పైన ప్రిన్సిపాల్ అని రెండు ఉండి, వాటి తర్వాత మొదటి అంతస్తు మొదలయ్యే చోట్లున్నాయి. ఫస్ట్ ఫ్లోరే కదా, లిఫ్ట్ లేకపోయినా ఏముందిలే అనుకుంటే నిద్రపోతున్న పిల్లాణ్ణి, స్ట్రోలర్‌ని మోసుకుని మూడంతస్తులు ఎక్కాలి.

బుక్ చేసే ముందు
- లిఫ్ట్ ఉందా? ఉంటే స్ట్రోలర్ పడుతుందా?
- ప్రకటనలో టూరిస్టు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? లేకపోతే వదిలేయండి. మీరు బయల్దేరే లోపే రద్దయ్యే ప్రమాదం ఉంది.
- క్లీనింగ్ ఫీజు కలిపితే రాత్రికి ఎంత?
- మే నుంచి సెప్టెంబరు దాకా ఏసీ, చలికాలంలో హీటర్
- వాషింగ్ మెషీన్ ఉందా? ఉంటే సామాను సగం తగ్గుతుంది

చెక్-ఇన్‌కు ముందు ఇంటివాళ్లు పాస్‌పోర్టు వివరాలు, చిరునామా అడిగితే కంగారు పడకండి. బస చేసినవాళ్ల వివరాలు నమోదు చేయడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత. అయితే బుకింగ్ సైట్ ద్వారా వచ్చిన ఫారంలోనే నింపండి, విడిగా వచ్చిన మెసేజ్‌కు ఫొటోలు పంపకండి.

## 5. సంచిలో తిండి: ఏది పెట్టాలి, ఏది వద్దు

యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి, బ్రిటన్ నుంచైనా సరే, మాంసం, పాల పదార్థాలు తేకూడదు. కోడి పచ్చడి, ఎండుమాంసం, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది.

పచ్చి కరివేపాకు అసలే వద్దు. నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. వాలెన్సియా చుట్టుపక్కల నారింజ తోటలు చాలా ఉన్నాయి. ఈ విషయంలో తనిఖీవాళ్లు నవ్వి వదిలేస్తారనుకోకండి.

కందిపొడి, కారప్పొడి, మాగాయ లేదా ఆవకాయ చిన్న సీసా, పోపు గింజలు, పసుపు చాలు. పచ్చడిని చెక్-ఇన్ సూట్‌కేస్‌లో రెండు జిప్ కవర్లలో పెట్టండి. చేతి సంచిలో పెడితే ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు. బియ్యం మోయొద్దు, ఇక్కడి సూపర్‌మార్కెట్లలో బాస్మతి దొరుకుతుంది.

రైస్ కుక్కర్ తెచ్చుకునేవాళ్లకు: ఇక్కడి ఇళ్లకు కరెంటు లోడు తక్కువ పెట్టుకుంటారు. ఏసీ, ఓవెన్, కుక్కర్ ఒకేసారి వేస్తే ఇల్లంతా చీకటి. తలుపు పక్కనున్న పెట్టెలో కిందికి పడిన బ్రేకర్ పైకెత్తి, ఒక్కోటీ విడిగా వాడండి. ప్లగ్గులు రెండు గుండ్రటి పిన్నులవి.

## 6. దిగాక తిరగడం

ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో 3, 5 లైన్లు ఊళ్లోకి పోతాయి. మధ్యలోకి అరగంట లోపే. మెషీన్‌లో ఎయిర్‌పోర్టు జోన్ ఎంచుకునే టికెట్టు కొనాలి. సిటీ టికెట్టు కొంటే దిగేచోట గేటు తెరుచుకోదు. బయటికి వచ్చేదాకా టికెట్టు పారేయకండి.

రాత్రి బాగా పొద్దుపోయి దిగితే మెట్రో ఉండదు. టాక్సీకి పాతిక యూరోల చుట్టుపక్కల అవుతుంది. నలుగురు, సామాను, నిద్రమత్తులో పిల్లలు ఉంటే అది ఖర్చు కింద లెక్కేసుకోనక్కర్లేదు.

ఊళ్లో తిరగడానికి పది ట్రిప్పుల సుమా కార్డు ఒకటి తీసుకోండి. బస్సు, మెట్రో, ట్రామ్ మూడింటికీ చెల్లుతుంది. ఒకే కార్డు అందరూ వాడుకోవచ్చు, ఒక్కొక్కరికి ఒకసారి తాకించాలి. చిన్నపిల్లలకు ఉచితం. వయసు పరిమితి ఎంతో ఎయిర్‌పోర్టు మెట్రో కౌంటర్‌లో అడిగి ఆ తర్వాతే కొనండి. 24, 48, 72 గంటల టూరిస్టు కార్డు లాభమా నష్టమా అనేది మీ నడక మీద ఆధారపడి ఉంటుంది. పాత ఊరికి దగ్గరలో దిగితే రోజుకు రెండు ట్రిప్పులకు మించవు, అప్పుడు దండగ.

## 7. తిండి: గడియారం చూసి తినండి

సగం డబ్బు మిగిలేది ఇక్కడే. హోటళ్ల వంటగదులు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర తర్వాత నడుస్తాయి. మధ్యలో తెరిచి ఉండేవి ఎక్కువగా టూరిస్టుల హోటళ్లు, అక్కడ ఆరిపోయిన పిజ్జాకు కూడా మంచి ధర పెడతారు.

రోజు ఇలా నడపండి:

1. ఉదయం ఇంట్లో బ్రెడ్డు, పాలు, పళ్లు.
2. పదకొండున్నరకు పిల్లలకు చిరుతిండి. ఇది మరిచిపోతే రెండింటి దాకా ఆగలేరు.
3. రెండింటికి మెనూ డెల్ దీయా. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఇచ్చే భోజనం: రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఏదైనా, చివర స్వీటో కాఫీనో. సుమారు 13 నుంచి 16 యూరోలు. మూడు మెనూలు చెప్పి నలుగురూ పంచుకోవచ్చేమో ముందే అడగండి.
4. సాయంత్రం ఆరింటికి ఒర్చాటా: చుఫా అనే చిన్న దుంపలతో చేసే చల్లటి తెల్లటి పానీయం. పాలు ఉండవు. ముంచుకు తినడానికి ఫార్తోన్స్ అనే పొడవాటి తీపి బన్నులు ఇస్తారు.
5. ఎనిమిదింటికి ఇంట్లో అన్నం, కందిపొడి, ఆమ్లెట్.

శనివారం సాయంత్రమే ఆదివారానికీ సరుకులు తెచ్చేయండి. మెర్కడోనా లాంటి పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం మూత. కుళాయి నీళ్లు తాగవచ్చు, రుచి మాత్రం అంత బాగుండదు. ఐదు లీటర్ల డబ్బా కొనుక్కుని పిల్లల సీసాలు నింపుకోండి.

శాకాహారులకు: వెజిటేరియన్ అంటే సరిపోదు. చాలాచోట్ల హామ్ (పంది మాంసం) ముక్కలు, ట్యూనా చేప, చికెన్ ఉడికించిన నీళ్లు (స్టాక్) మాంసం లెక్కలోకి రావు. మామూలు సలాడ్ మీద ట్యూనా వేస్తారు, నూనెలో వేయించిన క్రొకెటాస్ ముద్దల్లో తరచూ హామ్ ఉంటుంది. “సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె కార్నే” అని చూపించండి: మాంసం, హామ్, చేప, మాంసం స్టాక్ లేకుండా అని. గుడ్డు తినేవాళ్లకు తోర్తీయా అనే బంగాళదుంప ఆమ్లెట్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది.

పాయేయా అనే అన్నం వంటకం ఈ ఊరిది. అసలు వాలెన్సియా పాయేయాలో కోడి, కుందేలు, బీన్స్ వేస్తారు, రొయ్యలు ఉండవు. మధ్యాహ్నం తినే వంటకం, కనీసం ఇద్దరికి ఆర్డరు తీసుకుంటారు, అప్పటికప్పుడు వండితే అరగంట పైనే పడుతుంది. ఐదు నిమిషాల్లో వచ్చిందంటే ఫ్రిజ్‌లోంచి వచ్చిందే.

## 8. నాలుగు రోజుల వరస

డబ్బు పెట్టే టికెట్టు పెద్దది ఒక్కటే పెట్టుకోండి. రెండోది కలిపితే పిల్లలు అలసిపోతారు, మీరు డబ్బు కోసం వాళ్లను ఈడ్చుకెళ్తారు.

గురువారం, దిగిన రోజు. సరుకులు తెచ్చుకుని టూరియా పార్కుకు. 1957 వరద తర్వాత నదిని ఊరి బయటికి మళ్లించి, పాత నదీగర్భాన్ని తోటగా మార్చారు. అందులో పడుకున్న గలివర్ బొమ్మే ఒక ఆటస్థలం: జుట్టు, చొక్కా మడతలన్నీ జారుడుబల్లలు, మెట్లు. ఉచితం. నీడ లేదు కనుక మధ్యాహ్నం వద్దు. పిల్లలకు నిక్కరు కాదు, ప్యాంటు వేయండి, లేకపోతే మోకాళ్లు గీసుకుపోతాయి. మరమ్మతులకు మూసే రోజులుంటాయి, ముందు చూసుకోండి.

శుక్రవారం, ఓషనోగ్రాఫిక్ అనే పెద్ద అక్వేరియం. పెద్ద టికెట్టు ఇదే. నలుగురికీ 130 యూరోల చుట్టూ, నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఆన్‌లైన్‌లో కొని తెరిచే వేళకు వెళ్లండి. ఐదు గంటలు పడుతుంది. ముందుగా డాల్ఫిన్ ప్రదర్శన వేళ చూసుకుని, దాని చుట్టూ మిగతావి అమర్చుకోండి. పక్కనున్న సైన్సు మ్యూజియం, హెమిస్ఫెరిక్ (గుమ్మటం తెర సినిమాహాలు) కలిపిన కాంబో టికెట్టు కొనమంటారు. వాన సూచన ఉంటేనే తీసుకోండి. ఆ తెల్లటి భవనాల మధ్య నీటి కొలనుల పక్కన తిరగడానికి ఎలాగూ డబ్బు లేదు.

శనివారం, మార్కెట్టు, బీచ్. మెర్కాట్ సెంట్రల్ 1928 నాటి మార్కెట్టు. మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు, పదకొండు లోపు వెళ్తేనే హాయి. పళ్లు, బ్రెడ్డు, చీజ్ కొని బీచ్‌లో భోజనం కానివ్వండి. మాల్వారోసా ఇసుక వెడల్పుగా, నీళ్లు చాలాదూరం లోతు లేకుండా ఉంటాయి. జెండా చూడండి: ఎరుపు ఉంటే నీళ్లలోకి దింపొద్దు.

ఆదివారం, ఉచిత రోజు. మార్కెట్టు ఎదురుగా ఉన్న పట్టు వర్తకుల భవనం లా లోన్హా (1996 నుంచి యునెస్కో వారసత్వ కట్టడం), సెర్రానోస్ కోట ద్వారాలు ఆదివారం ఉచితం. కతీడ్రల్ గంట గోపురం మిగెలెతెకు 207 మెట్లు, టికెట్టుంది. ఐదేళ్ల పిల్లాడు ఎక్కుతాడు, దిగేటప్పుడు ఎత్తుకోమంటాడు. సాయంత్రం 24 నంబరు బస్సులో అల్బుఫేరా సరస్సు వైపు వెళ్లండి. చుట్టూ వరి చేలు, మధ్యలో పడవ షికారు. కోనసీమవాళ్లకు కొత్తగా అనిపించదు. తిరుగు బస్సులు తక్కువ, చివరి బస్సు వేళ స్టాపులోనే ఫొటో తీసుకోండి.

సోమవారం. చాలా మ్యూజియాలు మూత. బట్టలు సర్దుకుని బయల్దేరడమే. బ్రిటన్, ఐర్లండ్ విమానాలకు పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది. వేలిముద్రలు, ఫొటోలు తీసే కొత్త యూరోపియన్ ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి వచ్చాక వరసలు పెరిగాయి. మూడు గంటల ముందు చేరండి.

## 9. లెక్క

- బస, నాలుగు రాత్రులు: 440 యూరోలు
- ఎయిర్‌పోర్టు, ఊళ్లో ప్రయాణం: 60
- సరుకులు: 100
- బయట మధ్యాహ్న భోజనాలు మూడు: 135
- ఓషనోగ్రాఫిక్: 130
- పడవ, ఒర్చాటా, ఐస్‌క్రీమ్: 40
- చేతిలో ఉంచుకోవాల్సింది: 95

మొత్తం 1,000 యూరోలు. విమానం, వీసా, ఇన్సూరెన్స్ దీని బయట. తగ్గించాలనుకుంటే బసను తగ్గించకండి, బయటి భోజనాల్లో ఒకటి తీసేయండి. ఊరి చివర చవక గది తీసుకుంటే మధ్యాహ్నం పిల్లలు పడుకోవడానికి ఇంటికి రాలేరు, ఆ రెండు గంటలూ కేఫుల్లో కూర్చుని అంతకంత ఖర్చు పెడతారు.

## 10. తేడా వస్తే

జ్వరం. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీకి వెళ్లండి. రాత్రిళ్లు, ఆదివారాలు వంతుల వారీగా తెరిచి ఉండే షాపుల చిరునామా మూసిన షాపు తలుపు మీద రాసి ఉంటుంది. ఇక్కడ పిల్లలకిచ్చే పారాసిటమాల్ ద్రావణం, అపిరెతాల్ లాంటివి, ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. బ్రిటన్‌లో పసిపిల్లల కాల్‌పాల్ సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు కలిపి 120. ఇంటి అలవాటుతో ఐదు మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లకు పైగా మందు పడుతుంది. పిల్లల బరువు చెప్పి, మోతాదు ఫార్మసిస్టు చేత రాయించుకోండి. వీలైతే మీ సిరప్పే తెచ్చుకోండి.

పిల్లలు తప్పిపోతే. ఉదయమే ఒక ఫొటో తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలు తెలుస్తాయి. చేతికి మీ ఫోన్ నంబరు దేశం కోడ్‌తో రాయండి. ఎమర్జెన్సీకి 112.

పాస్‌పోర్టు పోతే. పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకుని మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. ఊళ్లో తిరిగేటప్పుడు అసలువి ఇంట్లో తాళం వేసి, ఒక్కరు మాత్రమే తమది వెంట ఉంచుకుంటే మిగతావి భద్రం.

అపార్ట్‌మెంట్ తలుపు తెరుచుకోకపోతే. ఇక్కడి తలుపులు లాగగానే వాటంతటవే లాక్ అయిపోతాయి. చెత్త పారేయడానికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. తాళం తీసేవాడు రాత్రిపూట వస్తే చేతిలో ఉంచుకున్న ఆ 95 యూరోలు చాలవు.